సీజర్ వాగు ఒడ్డున ముంపు ఇళ్లు

ఈ ఆన్‌లైన్ సభలో చూసిన చోటు ఒకదాని గురించి మాట్లాడమన్నారు. నయాగరా గురించో గ్రాండ్ కేనియన్ గురించో మీకు కొత్తగా చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. అందుకని ఒహాయోలో సిన్సినాటికీ డేటన్‌కీ మధ్య, వేన్స్‌విల్ అనే చిన్న ఊరి పక్కనున్న సీజర్ క్రీక్ పార్కును ఎంచుకున్నాను. వేసవి ఆదివారాల్లో మన తెలుగువాళ్లు అక్కడికి బాగానే వస్తారు. జలాశయం ఒడ్డున పులిహోర డబ్బాలు విప్పి, పిల్లల్ని కాసేపు ఇసుకలో ఆడించి, సాయంత్రానికి ఇల్లు చేరతారు. అదే పార్కులో పాత దుంగల ఇళ్ల పల్లె ఒకటుంది. దాని కథ మన కథకు చాలా దగ్గర. అందుకే ఇవాళ దాన్ని మీ ముందు పెడుతున్నాను.

ముందు ఆ పేరు సంగతి. ఈ సీజర్ రోమ్ చక్రవర్తి కాదు, ఒక నల్లజాతి బానిస. 1776 ప్రాంతంలో ఒహాయో నదిలో వెళుతున్న పడవ మీద షానీ అనే ఆదివాసీ తెగవాళ్లు దాడి చేసి అతన్ని పట్టుకున్నారనీ, తమలో ఒకడిగా కలుపుకున్నారనీ, ఈ లోయను అతనికి వేట భూమిగా ఇచ్చారనీ స్థానికులు చెప్పుకుంటారు. ఎంత చరిత్రో, ఎంత కథో విడదీయడం కష్టం. వాగు మాత్రం ఇప్పటికీ అతని పేరుతోనే పారుతోంది. పక్క ఊరు వేన్స్‌విల్‌కు పేరిచ్చింది జనరల్ ఆంథొనీ వేన్. 1794లో ఫాలెన్ టింబర్స్ యుద్ధంలో షానీలనూ వాళ్లతో కలిసి నిలిచిన తెగలనూ ఓడించినవాడు ఈయనే. మరుసటి ఏడాది గ్రీన్‌విల్ ఒప్పందంతో ఒహాయోలో ఎక్కువ భాగం వాళ్ల చేతుల్లోంచి పోయింది. బానిస పేరున్న వాగూ, సేనాని పేరున్న ఊరూ పక్కపక్కనే ఉన్నాయి. అమెరికా చరిత్ర పాఠం అక్కడి దారి బోర్డుల మీదే చదువుకోవచ్చు.

ఆ తర్వాత వచ్చినవాళ్లలో క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవాళ్లు చాలామంది. దక్షిణాన కరోలినాల్లో బానిసత్వం మధ్య బతకడం వాళ్ల మనస్సాక్షికి సరిపడలేదు. 1787 నాటి చట్టం ఒహాయో నదికి ఉత్తరాన బానిసత్వాన్ని నిషేధించింది కాబట్టి కుటుంబాలకు కుటుంబాలు బండ్లు కట్టుకుని ఇటు కదిలాయి. తర్వాతి కాలంలో పారిపోయి వచ్చిన బానిసలకు ఈ చుట్టుపక్కల ఇళ్లలో ఆశ్రయం దొరికింది. ఈ క్వేకర్లు మంచివాళ్లే. కానీ వాళ్లు దున్నిన నేల షానీలు కోల్పోయిన నేల. ఈ రెండూ నిజాలే. ఒకటి చెప్పి ఇంకొకటి దాచేస్తే ఆ పల్లెను చూసినట్టే కాదు.

ఇక ఆ ఇళ్లు. గోడ దగ్గరకు వెళ్లి చూడండి. ఒక్కో దుంగ బాగా లావుగా ఉంటుంది. గుండ్రటి మానును గొడ్డలితో రెండు వైపులా చదును చేశారు. ఆ గొడ్డలి గాట్లు వేలితో తడిమితే ఇప్పటికీ తగులుతాయి. మూల దగ్గర దుంగ కొసలను వాలుగా గాడి కొట్టి ఒకదానిలో ఒకటి కూర్చారు. ఆ గాడి వాలు బయటికి ఉంటుంది. వాన నీళ్లు లోపల నిలవవు, పైబరువు పడేకొద్దీ పట్టు బిగుస్తుంది. దుంగల మధ్య సందుల్లో రాతి ముక్కలు దూర్చి మట్టి మెత్తారు. లోపల ఒకటే గది, ఒక పక్కంతా రాతి పొయ్యి, పైన పిల్లలు పడుకునే అటక. ప్రత్యేక రోజుల్లో స్వచ్ఛంద కార్యకర్తలు ఆ కాలపు బట్టలు కట్టుకుని పొయ్యి వెలిగిస్తారు. ఆ రోజుల్లో వెళితే పిల్లలకు అన్నీ కళ్లకు కడతాయి. నాకు మాత్రం ఎవరూ లేని మామూలు రోజే ఇష్టం.

ఈ ఇళ్లలో చాలావాటి పుట్టుక అక్కడ కాదు. వరదల అదుపు కోసం ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజినీర్స్ ఈ వాగు మీద కట్టిన ఆనకట్ట 1978లో పూర్తయింది. రెండు వేల ఎనిమిది వందల ఎకరాల పైచిలుకు జలాశయం ఏర్పడింది. దానికోసం ఖాళీ చేయించిన లోయలోంచీ చుట్టుపక్కల నుంచీ పాత దుంగల ఇళ్లను విప్పి తెచ్చి ఇక్కడ మళ్లీ నిలబెట్టారు. ఎగువన న్యూ బర్లింగ్టన్ అనే ఊరు మొత్తం ఖాళీ అయింది. జాన్ బాస్కిన్ అనే విలేకరి ఆ ఊరి చివరి రోజుల్లో అక్కడే మకాం పెట్టి, ముసలివాళ్ల మాటలు విని, వాళ్ల ఉత్తరాలూ డైరీలూ పోగుచేసి 1976లో ఒక పుస్తకం తెచ్చాడు. ఊరు పోయింది, ఊరి గొంతు నిలిచింది. ఇళ్లు మోసుకొచ్చిన పని కన్నా ఇది పెద్ద పని అని నా అభిప్రాయం.

కాలిబాటల గురించి చెప్పకపోతే మీరు ఊరుకోరు. వాగు కోసిన లోయ గోడలు కొన్నిచోట్ల నూట ఎనభై అడుగుల ఎత్తు. గుర్రపు నాడా ఆకారంలో చిన్న జలపాతం ఉంది, దాని దగ్గర ఊగే వంతెన ఉంది. ఆనకట్ట అలుగు కోసం తవ్వినచోట నలభై అయిదు కోట్ల ఏళ్ల నాటి సముద్రపు అడుగు బయటపడింది. సందర్శక కేంద్రంలో అనుమతి పత్రం తీసుకుంటే శిలాజాలు ఏరుకోవచ్చు. సుత్తి, ఉలి వాడకూడదు, అరచేతిలో పట్టేదానికన్నా పెద్దది తీసుకోకూడదు.

ఆ దుంగల ఇళ్ల ముందు నిలబడితే నాకు తెలంగాణలోని అలంపురం గుర్తొస్తుంది. శ్రీశైలం జలాశయం నిండేముందు కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అక్కడికి తరలించారు. అంతకుముందు నాగార్జునసాగర్ జలాశయం కోసం నాగార్జునకొండ కట్టడాలను కొండమీదికీ అనుపుకూ చేర్చారు. ఆ పని చేసిన పురావస్తు శాఖవాళ్లకు మనం ఎంతో రుణపడి ఉన్నాం. కానీ కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో మునిగిపోయిన ఊళ్ల నుంచి ఒక రైతు ఇల్లు, ఒక కుమ్మరి వాము, ఒక రచ్చబండ ఎవరైనా ఇలా ఎత్తుకొచ్చి నిలబెట్టారా? నేనెక్కడా చూడలేదు. దేవుళ్లకు కొత్త చోటు వెతికాం. మనుషుల చేతికి పరిహారం పెట్టి పంపేశాం. ఇప్పుడు గోదావరి మీది పోలవరం ప్రాజెక్టు ముంపులో కోయల, కొండరెడ్ల గూడేలు ఖాళీ అవుతున్నాయి. తడికె గోడలకు మట్టి మెత్తిన ఆ ఇళ్లు, చెట్టు పట్ట కప్పిన షానీల ఇళ్లలాగే, వదిలేస్తే ఆనవాలు మిగలకుండా పోతాయి.

ఈ తెరమీద కనిపిస్తున్నవాళ్లలో ముంపు ఊళ్ల కుటుంబాలవాళ్లు తప్పకుండా ఉంటారు. మీకొక విన్నపం. మీ అమ్మమ్మో తాతయ్యో ఇంకా ఉంటే ఈ వారమే ఫోన్ చేయండి. ఊరి పేరుతో మొదలుపెట్టి వీధులు, బావులు, ఎవరిల్లు ఎవరి పక్కనో అడగండి. ఫోన్‌లోనే రికార్డు చేయండి. అచ్చు వేయడం సంగతి తర్వాత చూద్దాం, ఆ పనిలో నేనూ చేయి వేస్తాను. ముందు వాళ్ల మాట మన దగ్గరుండాలి.