ఒక చిన్న సర్వరు, రెండు తాళాలు

(జంషెడ్‌పూర్‌లో మాతృభాషా దినోత్సవం నాడు మన తెలుగు సిబ్బంది, వారి కుటుంబసభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మాతృభాషా దినోత్సవం నాడు పద్యమో పాటో వినిపించాలి. నేను సర్వరు గురించి మాట్లాడతానంటే మన కార్యదర్శి గారు ఒకటికి రెండుసార్లు అడిగారు, "సార్, టాపిక్ అదేనా?" అని. అదే. భోజనాలకు అడ్డు రాకుండా ముగిస్తాను.

నేను ఈ ఊరికి బదిలీ మీద వచ్చిన రెండో ఆదివారం బిష్టుపూర్ రామమందిరంలో ఒక పెద్దాయన పలకరించారు. ఉక్కు కర్మాగారంలో పనిచేసి రిటైరయ్యారు. తండ్రి కూడా అక్కడే పనిచేశారు. సొంతూరు టెక్కలి దగ్గర. శ్రీకాకుళం, విజయనగరం వైపు ఈ ఊరిని జంషెడ్‌పూర్ అనరు కదా, "టాటా వెళ్లాడు" అంటారు. ఆయన తండ్రి కూడా అలా టాటా వెళ్లినవారే. నేను ఆయన్ని బాబాయి గారూ అంటాను, ఆయన నన్ను మేనేజరు బాబూ అంటారు.

కద్మాలోని వాళ్లింట్లో మంచం కింద ఒక రేకు ట్రంకు పెట్టె ఉంది. అందులో పాత నాటక బృందం రిజిస్టర్లు. సభ్యుల పేర్లు, చందాలు, ఎవరు ఏ వేషం కట్టారో, హార్మోనియం అద్దె ఎంతో, అన్నీ సిరా కలంతో రాసినవి. కొన్నేళ్ల కిందట ఒక కుర్రాడు వాటిని స్కాన్ చేసి ఒక వెబ్‌సైట్‌లో పెట్టాడట. తర్వాత అతనికి వేరే ఊళ్లో ఉద్యోగం వచ్చింది. పాస్‌వర్డులు అతని దగ్గరే ఉండిపోయాయి, అద్దె కట్టమన్న ఉత్తరాలు అతను వాడటం మానేసిన మెయిల్‌కి వెళ్లాయి, సైట్ పోయింది. ఈలోగా ట్రంకు పెట్టెలోకి చెదలు పట్టి, అన్నిటికన్నా పాత రిజిస్టరును తినేశాయి. "మా నాన్న మొదటిసారి వేషం కట్టిన సంవత్సరం అందులోనే ఉండేది బాబూ" అన్నారు బాబాయి గారు. కోపంగా అనలేదు. అందుకే నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఆ కుర్రాణ్ణి తప్పుపట్టను. అతనొక్కడే చేశాడు, అదే చిక్కు. మనం స్ట్రాంగ్ రూము తాళాలు ఇద్దరి దగ్గర ఉంచుతాం. ఒకరు సెలవు పెడితే చార్జి అప్పగించి, సంతకం తీసుకుని వెళ్తారు. అలాంటిది, ఒక ఊరి జ్ఞాపకం మొత్తానికి ఒకే తాళం చెవి!

మిగిలిన పుస్తకాలు మళ్లీ స్కాన్ చేశాం. వాటిని ఉంచడానికి నేను తీసుకున్నది వర్చువల్ ప్రైవేట్ సర్వరు, పొట్టిగా వీపీఎస్. ఎక్కడో డేటా సెంటర్లో ఉన్న పెద్ద యంత్రాన్ని సాఫ్ట్‌వేర్‌తో భాగాలు చేసి అద్దెకిస్తారు. అపార్ట్‌మెంటులో ఫ్లాటు లాంటిది. గోడలు, లిఫ్టు, వాచ్‌మన్ వాళ్లవి. లోపల ఏ ఆపరేటింగ్ సిస్టమ్ పెట్టుకోవాలి, తలుపుకు ఏ తాళం వేసుకోవాలి అన్నది మన ఇష్టం, మన బాధ్యత. నేను తీసుకున్నది రెండు గిగాబైట్ల మెమరీ ఉన్న చిన్న ఫ్లాటు. అందులో ఫ్రీబీఎస్‌డీ పెట్టాను.

లైనక్స్ అందరికీ తెలుసు, ఈ బీఎస్‌డీ ఏమిటని మన ఐటీ సెల్ కుర్రాళ్లే అడిగారు. అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో యూనిక్స్‌కు మెరుగులు దిద్ది 1970ల చివరి నుంచి పంచిపెట్టిన మూట పేరే బర్క్‌లీ సాఫ్ట్‌వేర్ డిస్ట్రిబ్యూషన్. మొదటి మూట కట్టినవాడు బిల్ జాయ్ అనే విద్యార్థి. 1983లో వచ్చిన 4.2 బీఎస్‌డీలో టీసీపీ/ఐపీ ఉంది. ఇవాళ మన ఫోన్లూ ఏటీఎంలూ మాట్లాడుకునే భాష అదే. దాని వారసులుగా 1993లో నెట్‌బీఎస్‌డీ, ఫ్రీబీఎస్‌డీ మొదలయ్యాయి. 1995లో థియో డి రాట్ విడిపోయి ఓపెన్‌బీఎస్‌డీ మొదలుపెట్టాడు. అన్నదమ్ముల పంపకాల్లాంటి కథ, మరోసారి చెబుతాను.

నాకు మాత్రం అది పాత చుట్టరికం. నేను చేరిన కొత్తలో మా బ్రాంచిలో బ్యాక్ ఆఫీసు యంత్రం యూనిక్స్ మీదే నడిచేది. నల్లటి తెర మీద ఆకుపచ్చ అక్షరాలతో "లాగిన్" అని మెరిసేది. ఇక్కడున్న సీనియర్లకు గుర్తుండే ఉంటుంది, రోజు ముగింపు పూర్తయ్యేదాకా ఎవరూ ఇంటికి వెళ్లేవారు కాదు. ఇన్నేళ్ల తర్వాత అదే తెర కనిపించేసరికి, పాత బ్రాంచి అటెండరు ఎదురొచ్చి టీ ఇచ్చినట్టు అనిపించింది.

అభిమానం ఒక్కటే కారణం కాదు. ఫ్రీబీఎస్‌డీలో మూల వ్యవస్థ ఒక చోట ఉంటుంది, మనం తెచ్చుకున్న ప్రోగ్రాములు ఇంకో చోట ఉంటాయి. అద్దె ఇంట్లో యజమాని సామాను ఒక గదిలో, మన సామాను ఇంకో గదిలో ఉన్నట్టు. ఏ సేవలు నడవాలో చాలావరకు ఒకే ఫైలులో రాసి ఉంటుంది. వాళ్ల హ్యాండ్‌బుక్కు మన మాన్యువల్ ఆఫ్ ఇన్‌స్ట్రక్షన్స్ అంత వివరంగా ఉంటుంది, పైగా చదివితే అర్థమవుతుంది. (నవ్వకండి, ఈ పత్రిక హెడ్డాఫీసుకు కూడా వెళ్తుంది.)

ఇక అసలు పాఠాలు. ఫైర్‌వాల్ పేరు పీఎఫ్, ఓపెన్‌బీఎస్‌డీ నుంచి వచ్చింది. ముందు అన్ని తలుపులూ మూసి, తర్వాత కావలసినవి మాత్రమే తెరవాలన్నది పద్ధతి. ఒక శనివారం రాత్రి నేను మూయవలసినవన్నీ మూశాను, వెబ్‌సైట్ తలుపులు తెరిచాను, ఎంటర్ నొక్కాను. తెర బిగుసుకుపోయింది. నేను లోపలికి వెళ్లే తలుపు, అంటే ఎస్ఎస్‌హెచ్ పోర్టు 22, తెరవడం మరిచిపోయాను! తాళం లోపల పెట్టి బయటినుంచి గడియ పడ్డట్టయింది. అద్దెకిచ్చినవాళ్ల వెబ్ కన్సోలు ద్వారా వెళ్దామంటే రూట్ పాస్‌వర్డు రాసిన చీటీ దొరకలేదు. చివరికి సింగిల్ యూజర్ మోడ్‌లో యంత్రం లేపి, పాస్‌వర్డు మార్చి బయటపడేసరికి తెల్లవారింది. మా ఆవిడ, "బ్యాంకులో క్యాష్ తేడా వచ్చిందా?" అని కంగారు పడింది. అప్పటి నుంచి ఫైర్‌వాల్ ముట్టుకునే ముందు, ఐదు నిమిషాల్లో దానంతట అదే ఆగిపోయేలా ఒక ఆజ్ఞ పెట్టుకుంటున్నాను. అంతా బాగుంటే ఆ ఆజ్ఞ రద్దు చేస్తాను.

ఆ తర్వాత పాస్‌వర్డుతో బయటినుంచి లోపలికి రావడమే తీసేసి, కీ ఫైలుతో మాత్రమే రానిస్తున్నాను. వెబ్‌సైట్‌ను ఒక జైల్లో పెట్టాను. నిజంగానే దాని పేరు జైలు, 2000లో ఫ్రీబీఎస్‌డీ 4.0తో వచ్చింది. వెబ్‌సైట్‌లోకి దొంగ దూరినా ఆ గదిలోనే తిరుగుతాడు, పక్క గదికి దారి ఉండకూడదన్నది ఉద్దేశం.

తెలుగు పెట్టిన తిప్పలు వేరు. స్కాన్ చేసిన ప్రతి పేజీకి పూర్తి వివరంతో తెలుగులో ఫైలు పేరు పెడదామనుకున్నాను. కొన్నిటిని సిస్టమ్ ఒప్పుకోలేదు. ఫైలు పేరుకు హద్దు 255 బైట్లు. యూటీఎఫ్-8లో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు. తెలుగులో అచ్చుకు, హల్లుకు, గుణింతం గుర్తుకు, పొల్లుకు దేనికదే మూడేసి బైట్లు. "శ్రీ" అన్న ఒక్క అక్షరం పన్నెండు బైట్లు తింటుంది. మన నాటకాల రాయుళ్ల బిరుదులు సరేసరి. దాంతో ఫైళ్లకు అంకెలు, పేర్లకు వేరే పట్టిక. ఆ పట్టికలోనే టాటా, టాటానగర్, జంషెడ్‌పూర్ మూడూ ఒకటేనని రాసిపెట్టాం. ఏ పేరుతో వెతికినా దొరకాలి కదా.

జెడ్ఎఫ్ఎస్ అనే ఫైల్ సిస్టమ్ గురించి ఒక్క మాట. రెండు గిగాబైట్ల మెమరీలో దానికి ఇరుకే, క్యాషెకు పరిమితి పెడితే సర్దుకుంటుంది. రోజూ రాత్రి అది స్నాప్‌షాట్ తీస్తుంది, ఆ రోజు బ్యాలెన్సు తేల్చినట్టు. ఒకసారి పొరపాటున నలభై పేజీలు చెరిపేస్తే నిమిషంలో వెనక్కి వచ్చాయి. అయితే స్నాప్‌షాట్ అదే డిస్కు మీద ఉంటుంది, సర్వరు పోతే అదీ పోతుంది. అందుకని ప్రతి ఆదివారం దాని నకలు కద్మాలో బాబాయి గారింట్లో ఉన్న ఒక పాత డెస్క్‌టాప్‌కి వెళ్తుంది. సరిగ్గా ఆ ట్రంకు పెట్టె పక్కనే, కాకపోతే ఈసారి బల్ల మీద పెట్టాం.

బ్యాంకువాళ్లం కాబట్టి ఇది కూడా చెప్పాలి. ఇలాంటి సొంత సర్వర్లో ఖాతాదారుల సమాచారం ఒక్క ముక్క కూడా ఎప్పుడూ పెట్టకూడదు, సరదాకైనా సరే. మన సంస్థ లోపలి విషయాలకు మన సంస్థ ఏర్పాట్లే. ఇంకొకటి, 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల్లో లాగ్‌లు 180 రోజులు ఉంచాలని, గడియారాలు ప్రభుత్వ కాలమానంతో సరిపోవాలని ఉంది. మాలాంటి చిన్న బృందానికి అది ఎంతవరకు వర్తిస్తుందన్న వాదన పక్కనపెట్టి రెండూ పాటిస్తున్నాం. వోచర్లు దాచే అలవాటున్నవాళ్లకు ఇదేం కష్టం?

ఇంతా చేసి ఒక రోజు నా మీద నాకే నవ్వొచ్చింది. నాకు ఇక్కడ మూడేళ్లు నిండుతున్నాయి. బదిలీల జాబితా వస్తే నేను వెళ్లిపోవాలి. తాళం నా ఒక్కడి దగ్గరే ఉంది. ఆ కుర్రాడికీ నాకూ ఏమిటి తేడా?

మన సోనారి నుంచి వచ్చే క్లర్కు అమ్మాయి, మొన్ననే ప్రొబేషన్ పూర్తయిన అమ్మాయి, "నేను నేర్చుకుంటాను సార్" అంది. ఆమెకు ఇంకో కీ ఇచ్చాం. అద్దె ఇప్పుడు బృందం పేరు మీద, బృందం ఖాతా నుంచి వెళ్తుంది. చేయాల్సినవన్నీ తెలుగులో పదకొండు పేజీలు రాసి, ఒక ప్రతి ట్రంకు పెట్టెలో పెట్టాను.

పోయిన ఆదివారం పరీక్ష పెట్టాం. ఆమె కొత్త వీపీఎస్ ఒకటి తీసుకుని, నన్ను ఒక్క మాట కూడా అడగకుండా, ఆ పదకొండు పేజీలు చూసి కద్మా నకలు నుంచి అంతా మళ్లీ నిలబెట్టాలి. నేను పక్క గదిలో బాబాయి గారితో టీ తాగుతూ కూర్చున్నాను. నాలుగు గంటలు పట్టింది. ఏడో పేజీ దగ్గర గంటన్నర ఆగిపోయింది, అక్కడ జైలు మొదలుపెట్టే ముందు చేయాల్సిన ఒక పని రాయడం నేను మరిచిపోయాను. ఎలాగో తనే కనిపెట్టి, బయటకు వచ్చి, బాబాయి గారి దగ్గర పెన్ను అడిగి తీసుకుని, ఆ వాక్యాన్ని ఏడో పేజీ అంచున రాసింది.