నియామక పత్రం ఎవరి పేరున ఉంది?

(షాదీఖానాలో జరిగిన ఉద్యోగ అవగాహన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



నేను ముప్పై నాలుగేళ్లు ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేశాను. పెద్ద కంపెనీలో ఉద్యోగం చేసి ఎరుగను. అయితే పదవీ విరమణ తరువాత మన పిల్లలకు దరఖాస్తులు, భవిష్యనిధి పత్రాలు నింపిపెడుతున్నాను. ఆ కాగితాలు నాకు నేర్పిన సంగతులనే మీ ముందు ఉంచుతాను.

మన ఇళ్లలో వెల్డింగు, దర్జీ పని, పండ్ల వ్యాపారం వంటి సొంత వృత్తులే అధికం. ముస్లింలు స్వయం ఉపాధిలో ఎక్కువగా, నెలజీతపు కొలువుల్లో తక్కువగా ఉన్నారని 2006లో సచార్ కమిటీ సైతం పేర్కొన్నది. కనుక బిడ్డకు పెద్ద కంపెనీలో కొలువు దొరికితే ఇల్లంతా సంతోషించడం సహజం. సంతోషించవలసిందే. అక్కడ నెలనెలా జీతం బ్యాంకు ఖాతాలో జమ అవుతుంది. భవిష్యనిధికి జీతంలో మన వాటా 12 శాతమైతే, యాజమాన్యం వాటా కూడా అంతే. జీతం 21 వేల రూపాయలు మించని వారికి, వారి కుటుంబానికి ఈఎస్ఐ వైద్యం లభిస్తుంది. మొదటి రెండు కాన్పులకు జీతంతో కూడిన 26 వారాల సెలవు ఉన్నది. ఆడపిల్లలు వేధింపులపై ఫిర్యాదు చేసుకోవడానికి 2013 చట్టం ప్రకారం అంతర్గత కమిటీ ఉండి తీరాలి. చిన్న దుకాణంలో ఇవి అడిగే ధైర్యం ఎందరికి ఉంటుంది?

ఇక రెండవ వైపు చూద్దాం. ప్రభుత్వ ఉద్యోగాల్లో సమానావకాశాన్ని రాజ్యాంగంలోని 16వ అధికరణం హామీ ఇస్తున్నది. ఆ హామీ గానీ, మన బీసీ-ఇ వర్గాల 4 శాతం రిజర్వేషన్ గానీ ప్రైవేటు కంపెనీ గేటు దాటి లోపలికి పోవు. పేరు చూసి దరఖాస్తును పక్కన పెట్టినా నిరూపించడం కష్టం. నన్ను తొలగించాలంటే అభియోగ పత్రం, విచారణ అవసరమయ్యేవి. కంపెనీలో చాలామందికి నియామక పత్రంలో రాసిన నోటీసు గడువే రక్షణ.

అంతకన్నా పెద్ద చిక్కు మరొకటి ఉన్నది. మా వీధి అబ్బాయి ఒక పెద్ద కంపెనీ గుర్తింపు కార్డు మెడలో వేసుకొని నాలుగేళ్లు పనిచేశాడు. పని పోయిన తరువాత భవిష్యనిధి కోసం నా వద్దకు వచ్చాడు. కాగితాలు చూస్తే అతడు ఆ కంపెనీ ఉద్యోగే కాడు. మనుషులను సరఫరా చేసే ఏజెన్సీ ఉద్యోగి. జీతంలో ప్రతి నెలా కోత పడింది. ఖాతాలో జమ అయినది మాత్రం పదకొండు నెలలకే. “కార్డు మీద కంపెనీ పేరు ఉన్నది కదా భాయ్‌సాబ్” అని వాళ్లమ్మ అడిగితే నాకు నోట మాట రాలేదు. ఏజెన్సీ కట్టకపోతే అసలు కంపెనీయే బాధ్యత వహించాలని చట్టం చెబుతున్నది. ఆ మేరకు ఫిర్యాదు పంపాము. ఇంకా తిరుగుతూనే ఉన్నాము.

కాబట్టి పెద్ద కంపెనీ వద్దని నేను చెప్పను. చేరే ముందు నియామక పత్రం ఎవరి పేరున ఉన్నదో చూడండి. జుమా నమాజుకు వెసులుబాటు కావాలంటే షిఫ్టు సంగతి ముందే మర్యాదగా మాట్లాడుకోండి. ప్రతి జీతపు చీటీ దాచుకోండి. భవిష్యనిధి పాస్‌బుక్కును నెలనెలా చూసుకోండి. ఉద్యోగం మారిన ప్రతిసారీ ఆ సొమ్ము తీసేయకండి; పదేళ్ల సర్వీసు నిండితేనే పెన్షనుకు అర్హత వస్తుంది.

అర్థం కాని కాగితం ఏదైనా ఉంటే, సంతకం చేయకముందే నా వద్దకు తీసుకురండి. సంతకం చేసిన తరువాత తెచ్చినా చూస్తాను గాని, అప్పుడు నేను చేయగలిగేది తక్కువ.

సెలవు. ఖుదా హాఫిజ్.