పేరుకు కదలనివారు ప్రశ్నకు కదలుదురు
(మన సంఘ వార్షిక సర్వసభ్య సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



నేను పండితుడను కాను. పదవ తరగతితో చదువు చాలించి, తండ్రిగారి అంగడిలో గద్దె మీద కూర్చున్నవాడను. చిట్టా వ్రాయుట, తూకము చూచుట, ఎదుటివాని ముఖము చూచి బేరము కుదురునో లేదో గ్రహించుట, నాకు వచ్చిన విద్య లివియే. అందుచేత, అమెరికా రాష్ట్రములలో ప్రజలు చేయు ప్రతిపాదనలు అచ్చటి ఎన్నికల నెట్లు మార్చుచున్నవో చెప్పుమని కార్యదర్శిగారు కోరినపుడు తొలుత సంకోచించితిని. పిదప మన సంఘమున జరిగిన సంగతి యొకటి జ్ఞప్తికి వచ్చి ధైర్యము తెచ్చుకొంటిని.

కొన్ని యేండ్ల క్రిందట కార్యవర్గపు ఎన్నికకై సమావేశము పిలిచితిమి. కోరము చాలక గంటసేపు ఎదురుచూచి వాయిదా వేసితిమి. ఆరు నెలలు తిరుగకమునుపే, మన పఠనమందిరపు స్థలము నమ్మవలెనా కూడదా అను ప్రశ్నతో మరల పిలిచితిమి. ఆ నాడు కుర్చీలు చాలలేదు. వీధిలో నిలిచి వినిరి. ఏండ్ల తరబడి చందా కట్టనివారు సయితము బకాయి తీర్చి చేయి యెత్తిరి. మనుష్యులు వారే, సంఘము అదియే. అధ్యక్షుడెవరన్నపుడు ఇంట నున్నవారు, తాతలు కట్టిన గది యుండునా పోవునా అన్నపుడు లేచి వచ్చిరి. అమ్మకము వీగిపోయినది. ఆ ప్రతిపాదన తెచ్చిన కార్యవర్గములో నేనును ఒకడను. చిత్రమేమనగా, మరుసటి యేడు మా కార్యవర్గమునే మీరు తిరిగి ఎన్నుకొంటిరి.

నేడు నేను చెప్పబోవు అమెరికా వృత్తాంతమంతయు ఈ చిన్న కథలోనే యున్నది.

మొదట ఆ పద్ధతి యేమో చెప్పెదను. అచ్చటి యేబది రాష్ట్రములలో దాదాపు సగము రాష్ట్రముల పౌరులకు ఒక ప్రత్యేకాధికారము గలదు. నిర్ణీత సంఖ్యలో వోటర్ల సంతకములు కూడబెట్టినచో, తాము వ్రాసిన చట్టమునో రాజ్యాంగ సవరణనో నేరుగ ప్రజల వోటుకు తేగలరు. అభ్యర్థుల పేర్లున్న బ్యాలెట్టు పత్రము మీదనే ఈ ప్రశ్నయు నుండును. స్విట్జర్లాండును చూచి నేర్చిన ఈ పద్ధతిని మొట్టమొదట 1898లో దక్షిణ డకోటా రాష్ట్రము చేపట్టెను. 1902లో ఒరెగాను, 1911లో కాలిఫోర్నియా అనుసరించినవి. ఇదిగాక, శాసనసభయే ప్రజల ముందుంచు ప్రశ్నలును గలవు. డెలవేర్ తప్ప తక్కిన రాష్ట్రములన్నిట రాజ్యాంగ సవరణకు ప్రజల వోటు అవశ్యము.

ఇట్టి ప్రశ్న యున్నపుడు వోటర్లు ఎక్కువగ వత్తురా? వత్తురనియే టాల్బర్ట్, స్మిత్ అను రాజనీతి శాస్త్రజ్ఞులు లెక్కలు తీసి చెప్పిరి. ఆ పెరుగుదల అధ్యక్ష ఎన్నిక జరుగు ఏట తక్కువ, నడిమి యేటి ఎన్నికలలో ఎక్కువ. వ్యాపారికి ఇది వింత కాదు. దీపావళికి ముందు అంగడికి జనమును పిలువ నక్కరలేదు. ఆషాఢములో జనము రావలెనన్న మాత్రము, వారి ఇంటికి తప్పక కావలసిన సరకేదో అంగడిలో నుండవలెను.

ఇందుకు కాన్సస్ రాష్ట్రము మంచి నిదర్శనము. గర్భవిచ్ఛిత్తి హక్కును గుర్తించిన 1973 నాటి తీర్పును అమెరికా సర్వోన్నత న్యాయస్థానము 2022 జూన్ 24న త్రోసివేసెను. కాన్సస్ రాజ్యాంగములో అట్టి హక్కు లేదని వ్రాయుటకై శాసనసభ తెచ్చిన సవరణ ఆగస్టు 2న వోటుకు వచ్చెను. అది పక్షములు తమ అభ్యర్థుల నెంచుకొను ప్రాథమిక ఎన్నిక దినము. ఏ పక్షమునను చేరనివారికి సాధారణముగ ఆ దినమున పని యుండదు. ఈసారి ప్రశ్న మీద వారును వోటు వేయవచ్చును. తొమ్మిది లక్షలకు పైగా వోట్లు పడెను. 2018 నాటి ప్రాథమిక ఎన్నికతో పోల్చిన నిది దాదాపు రెట్టింపు. 1964 తరువాత అధ్యక్ష ఎన్నికలలో రిపబ్లికను పక్షమును తప్ప మరొకరిని గెలిపించని ఆ రాష్ట్రములో, ఆ పక్షపు నాయకులు కోరిన సవరణను నూటికి 59 మంది తిరస్కరించిరి. ఆ హక్కు మంచిదా చెడ్డదా అను తీర్పు చెప్పుట నా పని కాదు. జనమును ఇంటినుండి కదల్చిన దేదియో చూపుటయే నా ఉద్దేశము.

అదే యేడు నవంబరులో మిషిగన్ రాష్ట్రమున ఇంకను పెద్ద సంగతి జరిగెను. అదే హక్కును రాజ్యాంగమున చేర్చుటకు పౌరులు ఏడున్నర లక్షలకు మించి సంతకములు తెచ్చిరి. కావలసినవి 4 లక్షల 25 వేల చిల్లర మాత్రమే. ఐనను, అర్జీ పత్రమున పదముల నడుమ ఎడము సరిగా లేదను ఆక్షేపణ వచ్చి, పరిశీలక మండలి ఇద్దరు ఇటు, ఇద్దరు అటుగా చీలిపోయెను. రాష్ట్ర ఉన్నత న్యాయస్థానము ఆజ్ఞాపించిన మీదటనే ఆ ప్రశ్న బ్యాలెట్టు కెక్కినది. నూటికి 57 మంది దాపు ఔననిరి. నడిమి యేటి ఎన్నికలలో ఆ రాష్ట్రము మునుపెన్నడు చూడనంత వోటింగు జరిగెను. గవర్నరు గ్రెచెన్ విట్మర్ తిరిగి గెలుపొందెను. అచ్చట గవర్నరును ప్రజలే ఎన్నుకొందురని మనవారు గుర్తుంచుకొనవలెను. శాసనసభ ఉభయ శాఖలు, గవర్నరు పదవి కలిసి డెమోక్రటిక్ పక్షము చేతికి దాదాపు నలుబది యేండ్ల తరువాత వచ్చినవి.

ఐతే చిట్టాలో జమ వ్రాసినవాడు ఖర్చును కూడ వ్రాయవలెను. ఆ గెలుపంతయు ఆ ఒక్క ప్రశ్న ఫలమని చెప్పుట సరికాదు. 2018లో మిషిగన్ ప్రజలే మరియొక ప్రతిపాదనతో నియోజకవర్గముల సరిహద్దులు గీయు పనిని శాసనసభ చేతినుండి తీసి, స్వతంత్ర సంఘమున కప్పగించిరి. 2022 ఎన్నిక ఆ క్రొత్త సరిహద్దులతో జరిగినది. ఒక ప్రశ్న జనమును తెచ్చినది. నాలుగేండ్ల ముందటి ప్రశ్న పొలము గట్లను సరిచేసినది. రెండును కలిసినపుడే పంట పండినది.

ఇక అసలు చిక్కునకు వత్తును. ప్రశ్నకై వచ్చిన వోటరు, ఆ ప్రశ్నను మోసిన పక్షమునకే వోటు వేయునా? 2004 నవంబరులో పదునొకండు రాష్ట్రములు వివాహము స్త్రీపురుషుల నడుమ మాత్రమే యను సవరణలను వోటుకు పెట్టినవి. అన్నియు నెగ్గినవి. అందులో ఒహాయో ఒకటి. అచ్చట అధ్యక్షుడు బుష్ సుమారు 1,18,000 వోట్ల ఆధిక్యముతో గెలిచెను. ఆ సవరణయే గెలిపించినదని నాడు పలువురు వ్రాసిరి. కాని ఆ యేడు అట్టి ప్రశ్న లేని రాష్ట్రములలోను వోటింగు పెరిగినది. పండితుల వాదము నేటికిని తెగలేదు.

తరువాతి అనుభవము మరింత స్పష్టము. 2020లో ఫ్లోరిడా ప్రజలు కనీస వేతనమును క్రమముగ గంటకు 15 డాలర్లకు పెంచుటకు నూటికి 60కి మించి వోట్లిచ్చి, అదే పత్రము మీద ట్రంప్‌ను గెలిపించిరి. 2024లో మిజోరి, అరిజోనా, మోంటానా ప్రజలు గర్భవిచ్ఛిత్తి హక్కును ఆమోదించి, ఆ పత్రము మీదనే మరల ట్రంప్‌ను గెలిపించిరి. ఆ హక్కును గట్టిగ సమర్థించిన పక్షమువారు, ప్రశ్న తమను ఒడ్డు చేర్చునని ఆశించి యుండవచ్చును. ప్రశ్న ఒడ్డు చేరినది, వారు చేరలేదు.

మన దేశములో ఇట్టిది జరుగలేదా? జరిగినది. 1967 జనవరి 16న గోవా ప్రజలను, మహారాష్ట్రలో కలియుదురా, కేంద్రపాలిత ప్రాంతముగ నిలుతురా అని నేరుగ అడిగిరి. నూటికి ఎనుబదికి మించి వోటు వేసిరి. 34,021 వోట్ల ఆధిక్యముతో విలీనమును నిరాకరించిరి. మూడు నెలలు గడువకమునుపే శాసనసభ ఎన్నికలు వచ్చినవి. విలీనము కావలెనన్న బాందోడ్కర్‌గారి పక్షమే మరల గెలిచెను! తన ఊరి గతి వేరు, తన యేలిక వేరు అని వోటరు తూకము వేరుగ వేసినాడు. మన పఠనమందిరము కథలో మీరును అట్లే చేసితిరి.

వోటరు ఇట్లు స్వతంత్రించుట ఏలికలకు రుచింపదు. అందుచేత తలుపులు బిగించు ప్రయత్నములు జరుగుచున్నవి. ఒహాయో శాసనసభ, ఆగస్టులో జనము రారు, ఖర్చు దండుగ యని ఆ నెల ప్రత్యేక ఎన్నికలను చాలవరకు రద్దుచేసి, కొలది నెలలకే 2023 ఆగస్టు 8న తానే యొకటి పెట్టెను. రాజ్యాంగ సవరణకు ఇకమీద నూటికి 60 వోట్లు కావలెనన్నది ప్రశ్న. ముప్పది లక్షలకు మించి వోటర్లు వచ్చి, నూటికి 57 మంది కాదనిరి. ఫ్లోరిడాలో మాత్రము ఆ నియమము 2006లోనే వచ్చినది. ఇకమీద 60 కావలెనను ఆ సవరణకు నాడు వచ్చినవి 58కి లోపు! 2024లో గర్భవిచ్ఛిత్తి హక్కు ప్రశ్నకు 57 వచ్చినవి, చాలక వీగిపోయినది. తాను తక్కువ తూకముతో కొని, ఇతరులకు ఎక్కువ తూకము చెప్పువానిని మన బజారులో ఏమందురో నేను చెప్ప నక్కరలేదు.

ధనబలమును మరువరాదు. సంతకమునకింత అని కూలి యిచ్చి సేకరింపించుట అచ్చట పరిపాటి. 2020లో కాలిఫోర్నియాలో కిరాయి కార్ల యాప్ కంపెనీలు తమ డ్రైవర్లను ఉద్యోగులుగ లెక్కింపకుండుటకై, ఒక ప్రతిపాదన మీద 20 కోట్ల డాలర్లకు మించి వెచ్చించి గెలిచినవి. పేరు ప్రజాప్రతిపాదనయే, పెట్టుబడి మాత్రము షావుకారులది.

సోదరులారా, ఇంతవరకు చెప్పినది లోకవార్త. ఇక చెప్పునది మనవంటివారి గుండెకు తగులు మాట. సంఖ్యలో తక్కువైనవారి భాషను గూర్చి సంఖ్యలో ఎక్కువైనవారు వోటు వేసిన నేమగును? 1998 జూన్‌లో కాలిఫోర్నియాలో 227వ ప్రతిపాదన వచ్చెను. ఇంగ్లీషు రాని పిల్లలకు ఇంటి భాష తోడుగ జరుపు బోధనను చాలవరకు మాన్పి, ఇంగ్లీషులోనే చెప్పవలెననెను. నూటికి 61 మంది ఔననిరి. స్పానిషు మాటాడు లక్షలాది ఇండ్ల పిల్లల బడి ఒక్క నాటి వోటుతో మారిపోయెను. పదునెనిమిదేండ్లకు, 2016లో, శాసనసభ పంపిన 58వ ప్రతిపాదన ఆ కట్టడిని సడలించెను. ఈసారి నూటికి 73 మంది ఔననిరి. ప్రజలు తప్పు దిద్దుకొనిరని మనము సంతోషింపవచ్చును. కాని ఆ పదునెనిమిదేండ్లలో ఒకటవ తరగతిలో చేరి బడి ముగించి వెళ్లిన పిల్లలకు ఎవరు ఏమి తిరిగి యిచ్చిరి?

అంతకుముందు 1994లో, అనుమతి లేని వలసజనులకు బడిని, వైద్యమును, తదితర సహాయమును నిషేధించు 187వ ప్రతిపాదన నూటికి 59 వోట్లతో నెగ్గెను. న్యాయస్థానము దానిని ఆపినది. దానిని సమర్థించిన గవర్నరు ఆ యేడు గెలిచెను. కాని ఆ దెబ్బ తగిలినవారి బంధువులు, ఇరుగుపొరుగువారు ఊరకుండలేదు. పౌరసత్వమునకు అర్హులైనవారు దానిని తీసికొని వోటరు జాబితాలో చేరిరి. ఇతర కారణములు కూడ గలవు గాని, ఆ రాష్ట్ర రాజకీయము మారుటలో ఈ క్రొత్త వోటర్ల పాత్రను ఎవరును కాదనరు. ఒక ప్రశ్న తెచ్చిన వోటర్లలో, దాని వలన బాధపడి ఆలస్యముగ వచ్చినవారును ఉందురు.

మన రాష్ట్రములలో ఇట్టి ప్రజాప్రతిపాదన పద్ధతి లేదు. ఆ మేరకు మనకు కొంత రక్ష. మన లిపి, భాష, సంస్కృతులను కాపాడుకొను హక్కు 29వ అధికరణములో, విద్యాలయములను స్థాపించుకొను హక్కు 30వ అధికరణములో గలవు. అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు వసతి కల్పింపవలెనని 1956లో చేరిన 350-ఎ అధికరణము రాష్ట్రములకు చెప్పుచున్నది. ఇవి ఒక నాటి వోటుతో కొట్టివేయదగినవి కావు. ఐనను కాగితము మీది హక్కు తాళము వేసిన పెట్టెలోని నగ వంటిది. పెండ్లినాడు తీసి పెట్టుకొననిచో ఉన్నదో లేదో ఎవరికి తెలియును?

కావున నా మనవి యొక్కటే. శాసనసభ ఎన్నిక వచ్చినపుడు మన వీధులకు వచ్చు అభ్యర్థులు మనలను పేరు చూచి వోటు వేయుమందురు. మనమును పేరు చూచి విసిగి ఇంట కూర్చుందుము. అట్లు గాక, ప్రశ్నను మనమే తయారుచేయుదము. మన బడిలో తెలుగు ఉపాధ్యాయుని ఖాళీ ఎప్పుడు నింపుదురు? ఈ ఒక్క మాటను ప్రతి యింటి గడపలోను, వచ్చిన ప్రతి అభ్యర్థిని, ఏ పక్షమువాడైనను, అడుగుదము. బ్యాలెట్టు మీద ఆ ప్రశ్న అచ్చుకాకపోవచ్చును. మన నోట నుండిన చాలును. అంతకుముందు ఇంటింట వోటరు జాబితాలో పేరున్నదో లేదో చూచుకొందము.

పఠనమందిరపు అమ్మకము నాడు నేను ఓడితిని. స్థలమునకు మంచి ధర వచ్చినదనియు, వదలుట నష్టమనియు నమ్మి నేను ఆ ప్రతిపాదన తెచ్చితిని. నేడు సాయంత్రము ఇచటికి వచ్చుచు ఆ గది ముందు ఆగితిని. లోపల ఏడుగురు పిల్లలు పలక మీద గుణింతము దిద్దుచుండిరి. నా లెక్క తప్పు, మీ వోటు ఒప్పు. ఆ నాడు మీరు ఇంట కూర్చున్నచో ఆ పిల్లలకు ఆ గది యుండెడిది కాదు.