పందెము లేని బల్ల

(మంగళగిరిలోని ఒక పఠనమందిరమునందు జరిగిన సభలో స్థానిక న్యాయవాది యొకరు చేసిన ఉపన్యాసము)



2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి బెజవాడలో పేటలు మునిగినపుడు నేను జోలె పట్టి ఈ మందిరమునకు వచ్చితిని. మీరెవ్వరును నన్ను లెక్క అడుగలేదు. అడుగకయే జోలె నింపితిరి. ఈ సాయంకాలమును నేను ధనము కొరకే వచ్చితిని గాని, మీరు మాత్రము అట్లు చేయవలదు. ఈనాడు నేనడుగునది చందా కాదు, పెట్టుబడి. చందా నిచ్చువాడు దయతో నిచ్చును. పెట్టుబడి పెట్టువాడు ప్రశ్నించి పెట్టవలెను.

మన పట్టణమున ఒక పూల్ ఆటశాలను తెరువవలెనని మేము కొందరము తలపెట్టితిమి. ఈ మాట వినగానే వెనుక వరుసలోని పెద్దలిద్దరు ఒకరి మొగ మొకరు చూచుకొనుట నేను గమనించితిని. "గ్రంథాలయము, గ్రంథాలయమని తిరిగిన ప్లీడరుగారు తుదకు జూదశాలకు దిగినారా?" అని ఆ చూపునకు అర్థము. వారి సందేహమును నేను తప్పు పట్టను. దానికి బదులు చెప్పుటయే నేటి నా పని.

మొదట ఆ ఆట పేరునే విచారింతము. పూల్ అను మాటకు పలువురు కూడి వేసిన పందెపు సొమ్మని అర్థము. పందొమ్మిదవ శతాబ్దమున అమెరికాలో పూల్ గదులనగా గుఱ్ఱపు పందెములపై సొమ్ము కాయు గదులే. ఒక పందెమునకును మఱియొక పందెమునకును నడుమ జనము విసుగు చెందకుండ అచ్చట బిలియర్డ్సు బల్లలను వేసిరి. గది పేరు ఆటకు తగులుకొన్నది. కాబట్టి బల్ల పందెమును పుట్టింపలేదు. పందెమే బల్లను తన యింటికి పిలుచుకొన్నది. ఈ రెంటిని విడదీయవచ్చునా, లేదా అనునదే మన ముందున్న ప్రశ్న.

విడదీయవచ్చుననుటకు మన దేశమే సాక్ష్యము. ఈ కుటుంబములోనిదే యైన స్నూకరు ఆట 1875లో జబ్బల్పూరులోని సైనికాధికారుల విడిదిలో పుట్టినదని ప్రసిద్ధి. దొరలు తమ కొఱకు కల్పించుకొనిన ఆట అది. అట్టి బల్లలపై మనవారే వారిని మించిరి. పూనాలో పుట్టిన విల్సన్ జోన్సు 1958లో కలకత్తాలో ప్రపంచ అమెచ్యూరు బిలియర్డ్సు విజేత యైనాడు. ఒంటరిగా ఆడు క్రీడలలో ప్రపంచ విజేత యనిపించుకొనిన మొదటి భారతీయు డతడే. ఆ తరువాత మైకేల్ ఫెరీరా, గీత్ సేఠీ, పంకజ్ అద్వానీ అదే మార్గమున నడచిరి. కంటికి గుఱి, చేతికి నిలుకడ, మనస్సునకు ఓర్పు కావలసిన ఆట ఇది.

ఇక మన పట్టణమే ఎందులకు? మంగళగిరి ఒకనాడు కొండమీది స్వామికిని, క్రింది మగ్గములకును పేరుపడిన ఊరు. నేడు తాడేపల్లితో కలిసి 2021 నుండి నగరపాలక సంస్థ యైనది. ఎయిమ్స్ వైద్యవిద్యార్థులు వచ్చిరి. వడ్డేశ్వరము, నీరుకొండ, ఐనవోలు గ్రామములయందు విశ్వవిద్యాలయములు వెలసినవి. వేలకొలది యువకులు సాయంకాలము బయటకు వచ్చి, టీ దుకాణము తప్ప కూర్చుండు చోటు లేక తిరుగుచున్నారు.

అయితే పెరుగుచున్న ఊరను మాటను నమ్మి కన్నులు మూసికొనకుడు. 2015 అక్టోబరులో అమరావతికి శంకుస్థాపన జరిగినపుడు ఇచ్చటి నేల బంగార మనిరి. 2019 తరువాత పనులు నిలిచిపోయినపుడు, అప్పు చేసి స్థలములు కొనినవారు నా కార్యాలయపు బల్లముందు కూర్చుండి కన్నీరు పెట్టుకొనిరి. 2024 తరువాత పనులు మరల సాగినవి గాని ఆ కన్నీరు నేను మఱువలేదు. కాబట్టి రేపటి నగరమును చూపి నేను వాటాలు అమ్మను. ఈనాడు ఊరిలోనున్న విద్యార్థులను, ఉద్యోగులను మాత్రమే లెక్కింతును.

లెక్క చెప్పెదను. పెద్ద పూల్ బల్ల పొడవు తొమ్మిది అడుగులు, వెడల్పు నాలుగున్నర. బల్లకు నాలుగు వైపుల కఱ్ఱ ఆడుటకు చోటు కావలెను. ఆ కఱ్ఱ దాదాపు అయిదడుగులుండును. అందుచేత ఒక్కొక్క బల్లకు పదునెనిమిది అడుగుల పొడవు, పదునాలుగు అడుగుల వెడల్పు గల స్థలము విడువవలెను. ఆరు బల్లలకు నడవతో కలిపి రెండువేల చదరపు టడుగులు. బల్ల అడుగున పలకరాతి దిమ్మలుండుటచే బరువు మిక్కుటము. క్రింది అంతస్తే మేలు. పైన పఱచిన బనాతు మన కృష్ణాతీరపు ఉక్కకు చెమ్మ పట్టి బంతిని మందగింపజేయును. కావున గదిని చల్లగా, పొడిగా నుంచుట విలాసము గాదు, అవసరము.

మేము వేసికొనిన అంచనా ముప్పది లక్షల రూపాయలు. అందు బల్లలకు పండ్రెండు లక్షలు, గది అమరికకు ఎనిమిది, అద్దె బయానాకు నాలుగు, కష్టకాలమునకు నిలువ ఆరు. నెలసరి ఖర్చు అద్దెకు 60,000, విద్యుత్తునకు 20,000, జీతములకు 36,000, బనాతు మరమ్మతు మొదలగువానికి 8,000, వెరసి 1,24,000 రూపాయలు. బల్లకు గంటకు 200 వంతున రుసుము తీసికొందుమనుకొనుడు. ఒక్కొక్క బల్ల దినమునకు నాలుగు గంటలు ఆడినచో నెలకు 1,44,000 వచ్చును, మిగులు 20,000. సంవత్సరమునకు ముప్పది లక్షలపై నూటికి ఎనిమిది. బల్లల అరుగుదల తీసివేసినచో ఆ ఎనిమిదియు నిలువదు. అయిదు గంటలు ఆడినచో నూటికి ఇరువదిరెండు దాటును. మూడు గంటలే ఆడినచో నెలకు 16,000 నష్టము. ఈ ఆటశాల బ్రదుకంతయు మూడు గంటలకును అయిదు గంటలకును నడుమ నున్నది. వేసవి సెలవులలో విద్యార్థులు ఇండ్లకు పోవుదురు. పరీక్షల నెలలో రారు. కాబట్టి పిల్ల పెండ్లికి దాచిన సొమ్మును, వైద్యమునకు దాచిన సొమ్మును ఇచ్చటికి తేవలదు. పోయినను ఇల్లు కదలని సొమ్మునే తెండు.

ఇంత సన్నని లెక్కకు మీయొద్దకు రానేల, ధనికు నొక్కని ఆశ్రయింపరాదా యని మీరడుగవచ్చును. అట్టివాడొకడు తానై వచ్చినాడు. ముప్పది లక్షలును తానే యిత్తుననెను. షరతు ఒక్కటే: వెనుక గదిలో రెండు బల్లలు రాత్రివేళ పందెమునకు విడువవలెను, పందెపు సొమ్ములో ఆటశాలకు వంతు రావలెను. "బల్ల గంటకు రెండువందలు తెచ్చును, పందెము రాత్రికి ఇరువదివేలు తెచ్చును, ప్లీడరుగారూ" అని నవ్వెను. లెక్కలో అతడు తప్పు చెప్పలేదు.

చట్టము మాత్రము వేరుగా చెప్పుచున్నది. 1960వ దశకమున సికిందరాబాదులోని ఒక క్లబ్బు విషయమై సుప్రీంకోర్టు విచారించినది. రమ్మీ ప్రధానముగా నేర్పుతో కూడిన ఆటయే యనినది. ఆడుటకు చోటిచ్చి తగుమాత్రపు రుసుము పుచ్చుకొనుట వేఱనినది. కాని ఇంటి యజమాని పందెమువలన లాభము పొందుచున్నచో నేరము కావచ్చుననినది. మన రాష్ట్రపు గేమింగు చట్టము 1974 నాటిది. 2020 సవరణతో అది మఱింత బిగిసినది. పందెపు ఒడంబడిక చెల్లదని 1872 నాటి కాంట్రాక్టు చట్టమే చెప్పుచున్నది. కాని నేనతనిని త్రిప్పి పంపినది చట్టభయముచేత మాత్రమే కాదు. ఆ కారణమును ఇంతవరకు నేనెవ్వరికిని చెప్పలేదు.

నేను కళాశాలలో చదువునపుడు ఆ ఊరి బిలియర్డ్సు గదికి పోవుచుంటిని. ఒకనాడు అపరిచితుడొకడు నాతో చిన్న పందెము వేసి ఓడెను, మరల ఓడెను. మూడవసారి పందెము పెంచెను. ఆ రాత్రి నా పరీక్ష రుసుము పోయినది. ఆ రుసుము మా నాన్నగారు గుంతమగ్గములో కాళ్ళుంచి రెండు వారములు నేసి పంపినది. పుస్తకములు కొనవలెనని అబద్ధము వ్రాసితిని. ఆయన షావుకారు వద్ద ముందుగా కూలి తీసికొని మరల పంపెను. తరువాత తెలిసినదేమన, ఆ అపరిచితుడు ప్రతివారమును వచ్చువాడే. గది యజమాని అంతయు ఎఱిగియు పలుకలేదు. అతనికి వంతు ముట్టుచుండెను. నాన్నగారు ఈ సంగతి తెలియకయే గతించిరి.

ఆ గదిలో నన్ను మోసగించినది బల్ల కాదు. నోరెత్తవలసిన యజమానికి నా ఓటమిలో పాలున్నది, అదియే మోసము. నేను ఆటను విడువలేదు, పందెమును విడిచితిని. నేటి మన పిల్లలు జూదము నేర్చుటకు ఏ గదికిని పోనక్కఱలేదు. చేతిలోని ఫోనే చాలును. సొమ్ము పెట్టి ఆడు ఆన్‌లైను ఆటలను నిషేధించుచు 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టము చేసినది గాని, దుప్పటి క్రింద ఒంటరిగా ఆడు పిల్లవానిని చట్టమొక్కటియే కాపాడలేదు. వానికి వెలుగున్న గది, ఎదుట మనిషి, చేతికి పని కావలెను.

కాబట్టి ఆటశాల ఒక్కని సొత్తు కారాదు. ప్రైవేటు కంపెనీ పెట్టుదమన్నచో, వాటాలు కొనుడని ప్రజలను పిలుచుటకు దానికి హక్కు లేదు. నేనీ వేదికపై నిలిచి పిలుచుటయే తప్పగును. నెలకింత వడ్డీ యిత్తుమని డిపాజిట్లు పుచ్చుకొందమన్నచో 2019 నాటి చట్టము నిషేధించుచున్నది. అట్టి మాట మీతో ఎవ్వరు చెప్పినను, నేను చెప్పినను, నమ్మకుడు. అందుచేత 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘముల చట్టము క్రింద సంఘముగా రిజిస్టరు చేయ నెంచితిమి. వాటా పదివేల రూపాయలు; ఒక్కనికి పది వాటాలకు మించి లేదు. ఎన్ని వాటాలున్నను ఓటు ఒక్కటే. ఎంత ధనికుడైనను వెనుక గదికి తాళము తీయించుటకు తనకున్న ఆ ఒక్క ఓటు చాలదు.

మా నియమములు మూడు. ఆటశాల ఆదాయము బల్ల రుసుము మాత్రమే. బల్లపై గాని బల్ల ప్రక్కన గాని పందెము వేసినవాడు, సభ్యుడైనను, ఆనాటితో వెలుపల. జమాఖర్చుల పుస్తకము ప్రతి నెల ఈ పఠనమందిరపు బల్లమీద ఉండును; ఎవ్వరైనను తెఱచి చూడవచ్చును. ఈ మూడింటిలో ఏ ఒక్కటి తప్పినను, ఆటశాలను మూసి బల్లలు అమ్మి మిగిలినది పంచవలెనని నిబంధనలలోనే వ్రాసితిమి.

1923లో డాక్టరు పట్టాభి సీతారామయ్యగారు బందరులో ఆంధ్రా బ్యాంకును స్థాపించిరి. 2020లో అది మఱియొక బ్యాంకులో విలీనమైనది గాని, తొమ్మిది దశాబ్దములకు పైగా తెలుగువారి సొమ్మును కాచినది. మాది దానితో పోల్చదగిన పని కాదు. ఆరు బల్లల గది. అయినను పరుల సొమ్మునకు పూచీపడుట అచ్చటను ఇచ్చటను ఒక్కటే.

వాటా పత్రములు ద్వారమువద్ద నున్నవి. ఈ రాత్రి ఎవ్వరును సంతకము చేయవలదు. ఇంటికి తీసికొనిపోయి, ఖర్చు లెక్క మీరే మరల వేసి, ఇంటివారితో ఆలోచించి, వచ్చే ఆదివారము ప్రశ్నలతో రండు. మొదటి పది వాటాలు నావి. ఆ పత్రముపై నేను నిన్న సంతకము చేసితిని. చేయునపుడు నాన్నగారి మగ్గపు చప్పుడు నా చెవులలో వినబడినది.