హ్యారిస్ స్ట్రాంగ్ టైల్ మ్యూరల్: ముందు వెనక్కి తిప్పి చూడండి

న్యూజెర్సీలో ఉండే ఒక తమ్ముడు ఫోటో పంపాడు. "అన్నా, ఒక పాత ఇంట్లో సామాన్లన్నీ అమ్మేస్తున్నారు. అందులో ఈ టైల్ మ్యూరల్ ఉంది, హ్యారిస్ స్ట్రాంగ్‌ది అంటున్నారు. నా నెల జీతంలో సగం అడుగుతున్నారు, రేపు సాయంత్రంలోగా చెప్పాలి" అని. నాలుగడుగుల పొడవు, రెండడుగుల ఎత్తు. ఏదో పాత ఊరు, గోపురాలు, మధ్యలో పడవలు. చూడ్డానికైతే అదిరింది.

హ్యారిస్ స్ట్రాంగ్ 1920లో పుట్టిన అమెరికన్. న్యూయార్క్‌లో ఒక సిరామిక్ వర్క్‌షాప్‌లో పనిచేస్తూ, అక్కడ పరిచయమైన రాబర్ట్ క్రాస్నర్‌తో కలిసి సొంత పని మొదలుపెట్టాడు. ముందు ల్యాంపులు, యాష్‌ట్రేలు చేశారు. 1950ల్లో, 60ల్లో ఈ టైల్ ప్యానెళ్లకి పేరొచ్చింది. అప్పుడు కట్టే ఇళ్లకీ ఆఫీసులకీ పెద్ద పెద్ద ఖాళీ గోడలు కదా, వాటి మీద పెట్టడానికి ఏదో ఒకటి కావాలి. పెయింటింగ్ ఎండకి వెలుస్తుంది. ఇది కొలిమిలో కాల్చిన గ్లేజ్, అంటే ఒకరకం గాజే. అరవై ఏళ్లైనా ఆ నీలం నీలంగానే ఉంటుంది. ఒక్క మాట, ఇది వర్క్‌షాప్ సరుకు, చాలామంది చేతులు పడ్డ పని. "ఆయనే స్వయంగా గీశాడు" అని ఎవరైనా రేటు పెంచితే నమ్మకండి.

ఇప్పుడు అసలు సంగతి. తమ్ముడు ముందువైపు ఏడు ఫోటోలు పంపాడు. వెనకవైపు ఒక్కటీ లేదు! ఈ టైల్స్‌ని చెక్క మీద జిగురుతో అతికిస్తారు. కంపెనీ లేబుల్ ఉంటే వెనకే ఉంటుంది. లేబుల్ లేనంత మాత్రాన నకిలీ అని కాదు, కాయితం ఊడిపోతుంది. నేను లేబుల్ కంటే చెక్కనే ఎక్కువ చూస్తా. తేమకి చెక్క ఉబ్బుతుంది, టైల్ ఉబ్బదు. ఆ లాగుడికి పాత జిగురు వదిలేస్తుంది. నీటి మరకలున్నాయా, చెక్క వంగిందా చూడాలి. తర్వాత ఒక్కో టైల్ మీద వేలి గోటితో మెల్లగా తట్టండి. కుండ కొనేటప్పుడు అమ్మ తట్టి చూస్తుంది చూడండి, అలాగే. డొల్లగా మోగిందంటే వెనక జిగురు వదిలినట్టే.

పైన వెంట్రుకల్లాంటి సన్నగీతలు కనిపిస్తే కంగారు పడకండి. చల్లారేటప్పుడు గ్లేజ్ లోపలి మట్టి కంటే ఎక్కువ ముడుచుకుంటే అలా వస్తాయి. దాన్ని పగులు అనుకుని బేరం వదులుకున్నవాళ్లు నాకు తెలుసు. అసలు పగులు టైల్ అంచు దాకా పోతుంది, గోరుకి తగులుతుంది.

భయపడాల్సింది రంగు పూసిన రిపేరుకి. ఫోటోలో కింద కుడిమూల టైల్ జూమ్ చేసి చూశా, పక్కదానిలాగా మెరవట్లేదు. గ్లేజ్ చేతికి చల్లగా, నున్నగా తగులుతుంది. మీద పూసిన పెయింట్ అలా ఉండదు. చీకట్లో అల్ట్రావయొలెట్ టార్చి వేస్తే కొత్త రంగు చాలాసార్లు వేరేగా మెరిసి పట్టిచ్చేస్తుంది. టార్చి పెద్ద ఖరీదేం కాదు, పట్టుకెళ్లు.

ఇంకోటి, ఇంట్లో పాప ఉందన్నావు. ఆ కాలం గ్లేజుల్లో సీసం ఉండొచ్చు. గోడ మీద ఉన్నంతకాలం ఫర్వాలేదు. కానీ అంచులు సాపు చేద్దామని గరుకు కాయితం పెట్టి రుద్దొద్దు, డ్రిల్లు అసలే వద్దు. ఆ దుమ్ము పిల్లలకి మంచిది కాదు.

బరువు కూడా లెక్కేసుకో. ఆరంగుళాల టైల్స్ అయితే 32 ఉంటాయి. టైల్సే 12 కిలోల పైన, చెక్క అదనం. అక్కడి గోడలు లోపల డొల్ల కదా, ఒక్క మేకు ఆగదు. గోడ లోపలి చెక్క నిలువులకి బిగించాలి. ఇద్దరు లేకుండా దించొద్దు.

అమ్మేవాళ్లు "వద్దంటే విడగొట్టి టైల్ ఒక్కోటిగా అమ్ముకుంటాం" అన్నారట. ఇది వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఊడదీసేటప్పుడు సగం పగులుతాయి. పగలకపోయినా, ఒక్క టైల్‌లో పడవ ముక్క తప్ప ఏముంటుంది? కానీ ఆ బెదిరింపుకి నువ్వు రేటు పెంచకు.

నా మాట ఇదీ: చెక్క బాగుండి, ఒకటో రెండో టైల్స్ మాత్రమే వదులుగా ఉంటే, ఆ మూల టైల్ పేరుతో తగ్గించి అడిగి తీసుకో. కింద వరసంతా డొల్లగా మోగితే ఎంత తగ్గించినా వద్దు. వెనకవైపు ఫోటో పంపు, రాత్రి పదింటి దాకా చూస్తూ ఉంటా.