ఫ్లష్ కొట్టినా ఫైల్ సగమే వెళ్లింది: జావాలో డేటాను మార్చే అవుట్‌పుట్ స్ట్రీమ్స్

పోయిన ఎపిసోడ్‌లో ఒక ఆబ్జెక్ట్ లోపల ఇంకో ఆబ్జెక్ట్‌ని పెట్టుకుని పని చేయించుకోవడం గురించి చెప్పుకున్నాం కదా. ఆ ఐడియాని జావా వాళ్లు నిజంగా ఎక్కడ వాడారో ఈరోజు చూద్దాం. అవుట్‌పుట్ స్ట్రీమ్స్. బోరింగ్ టాపిక్ అని నాకూ తెలుసు, బీటెక్‌లో నేను కూడా ల్యాబ్ రికార్డులో రాసేసి వదిలేశాను. కానీ ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, ఇదే టాపిక్ రాక నేను ఒకాయన్ని పన్నెండు మంది ముందు తప్పుపట్టాను. తప్పేమో నాది. అది మధ్యలో చెప్తాను.

ముందు బేసిక్. ఫైల్ అవుట్‌పుట్ స్ట్రీమ్‌కి ఒక్కో బైట్ ఇచ్చి రాయమంటే, ప్రతి బైట్‌కీ ఆపరేటింగ్ సిస్టమ్ దాకా వెళ్లి రావాలి. ఒక ఎంబీ ఫైల్ అంటే 10,48,576 సార్లు. దాని మీద బఫర్డ్ అవుట్‌పుట్ స్ట్రీమ్ చుట్టామనుకోండి, అది లోపల 8192 బైట్ల అర్రే పెట్టుకుని, నిండినప్పుడు మాత్రమే కిందకి పంపిస్తుంది. అదే ఫైల్‌కి 128 సార్లు చాలు. ఇంత వరకు అందరికీ తెలిసిందే, దీని మీద ఎక్కువ టైమ్ పెట్టను.

ఇక్కడ గమనించాల్సింది ఏంటంటే, బఫర్ డేటాని మార్చదు. ఏది పోస్తే అదే వస్తుంది, కొంచెం ఆలస్యంగా. కానీ అదే కుటుంబంలో డేటాని మార్చే క్లాసులు కూడా ఉన్నాయి. జీజిప్ అవుట్‌పుట్ స్ట్రీమ్ కుదించి రాస్తుంది. సైఫర్ అవుట్‌పుట్ స్ట్రీమ్ ఎన్‌క్రిప్ట్ చేసి రాస్తుంది. జావా 8 నుంచి బేస్64 ఎన్‌కోడర్‌లో వ్రాప్ అనే మెథడ్ ఉంది, అది కూడా ఒక అవుట్‌పుట్ స్ట్రీమే తిరిగి ఇస్తుంది. పైనుంచి చూస్తే అన్నీ ఒకటే: రైట్, ఫ్లష్, క్లోజ్. ఒకదాని మీద ఒకటి చుట్టుకుంటూ పోవచ్చు. కాలేజీలో డెకరేటర్ ప్యాటర్న్ అని చదివాం కదా, అదే ఇది.

అన్నీ ఒకేలా కనిపించడం వల్లే నేను పడిపోయాను.

మా ఊళ్లో పిండి మర ఉండేది. తెలంగాణ వాళ్లు గిర్ని అంటారు. పైన బియ్యం పోస్తాం, కింద గుడ్డ గొట్టంలోంచి పిండి డబ్బాలో పడుతుంది. మర ఆడుతుండగా డబ్బాలో పడినంత పిండిని మన సంచిలో పోయించుకోవచ్చు. కానీ రాళ్ల మధ్యలో ఉన్నది రాదు, అది ఇంకా పిండి కాలేదు. అంతా అయ్యాక మరాయన గొట్టాన్ని రెండు దెబ్బలు కొట్టి చివరి పిండి దులుపుతాడు. అప్పుడు కానీ మన వంతు పూర్తి కాదు. ఫ్లష్ అంటే డబ్బాలోది సంచిలో పోసుకోవడం. క్లోజ్ అంటే ఆ గొట్టం దులపడం.

స్క్రీన్ మీద చూడండి. జీజిప్ స్ట్రీమ్ తెరిచాను, వంద లైన్లు రాశాను, ఫ్లష్ పిలిచాను, క్లోజ్ పిలవలేదు. ఫైల్ సైజ్ ఎంత? 10 బైట్లు. ఆ పది కూడా నా డేటా కాదు, జీజిప్ హెడర్. నా వంద లైన్లూ కంప్రెసర్ కడుపులోనే ఉన్నాయి. మామూలుగా తెరిచిన జీజిప్ స్ట్రీమ్‌లో ఫ్లష్ అనేది కింది స్ట్రీమ్‌ని మాత్రమే ఖాళీ చేస్తుంది, కంప్రెసర్ జోలికి వెళ్లదు. సింక్ ఫ్లష్ అని ఒక బూలియన్ ఉంది, కన్‌స్ట్రక్టర్‌లో దాన్ని ట్రూ అని ఇస్తే ఫ్లష్‌లో డేటా కూడా బయటికొస్తుంది. అప్పుడైనా చివర ఉండాల్సిన 8 బైట్లు రావు. అందులో నాలుగు చెక్‌సమ్, నాలుగు అసలు సైజు. అవి ఫినిష్‌కో క్లోజ్‌కో మాత్రమే వస్తాయి. అవి లేని ఫైల్‌ని తెరిస్తే మధ్యలోనే అయిపోయిందని ఎర్రర్ ఇస్తుంది.

ఇప్పుడు నా సంగతి. రోజూ రాత్రి లావాదేవీల ఫైల్ ఒకటి తయారుచేసి, జీజిప్ చేసి, క్లయింట్ సర్వర్‌కి అప్‌లోడ్ చేసే జాబ్ నేను రాశాను. ట్రై విత్ రిసోర్సెస్ వాడాను, నీట్‌గా రాశాననే అనుకున్నాను. పొద్దున్నే క్లయింట్ నుంచి మెయిల్: ఫైల్ తెగిపోయి వచ్చింది, చివరి వరుసలు లేవు. నేను మా సర్వర్‌లో అదే ఫైల్ తెరిచాను. శుభ్రంగా ఉంది! చివరి వరుస దాకా ఉంది. ఇంకేముంది, మా దగ్గర సరిగ్గా ఉంది, అక్కడ సరిగ్గా లేదు, మధ్యలో నెట్‌వర్కే తినేసింది అని రిప్లై ఆల్ కొట్టాను. నెట్‌వర్క్ టీమ్‌లో ఒక అన్న ఉండేవారు, ఆయన పేరు పెట్టి మరీ చూడమని రాశాను. రెండు రోజులు ఆయన నిద్ర లేకుండా వెతికారు.

మూడో రోజు ఆయన నా సీటు దగ్గరికి వచ్చి ఒక లాగ్ చూపించారు. "తమ్ముడూ, నువ్వు నాకు ఇచ్చిన బైట్లు ఇన్ని, అవతల దిగినవి కూడా ఇన్నే. నీ ఫోల్డర్‌లో ఉన్న ఫైలే వీటికంటే పెద్దది. అది ఎప్పుడు పెరిగిందో నువ్వే చూసుకో" అన్నారు. గొంతు కూడా పెంచలేదు.

చూస్తే ఏముంది, అప్‌లోడ్ చేసే లైన్ ట్రై బ్లాక్ లోపలే ఉంది. ఫ్లష్ పిలిచి, ఫైల్ రెడీ అనుకుని పంపేశాను. ఆ తర్వాత బ్లాక్ అయిపోయి స్ట్రీమ్ క్లోజ్ అయింది, మిగిలిన డేటా, ఆ 8 బైట్లు అప్పుడు ఫైల్‌లోకి వచ్చాయి. అందుకే పొద్దున నేను చూసేసరికి మా ఫైల్ పూర్తిగా ఉంది. టెస్టింగ్‌లో కూడా ప్రోగ్రామ్ ముగిశాకే ఫైల్ తెరిచేవాణ్ని, దొరకలేదు. ఒక్క బ్రాకెట్ పైకి జరిపాను, అంతే ఫిక్స్. అదే మెయిల్ కింద, అదే పన్నెండు మందికి, తప్పు నా కోడ్‌దని రాయడానికి మాత్రం గంట పట్టింది.

అప్పుడు నాకు కోపం జావా మీద వచ్చింది. ఫ్లష్ అంటే ఫ్లష్ చెయ్యాలి కదా అని. ఆ కోపం ఎప్పుడు పోయిందంటే, నేనే అలాంటి క్లాస్ రాసినప్పుడు. అది ఇప్పుడు చేద్దాం.

పని ఏంటంటే, లాగ్‌లో ఫోన్ నంబర్లు దాచాలి. సరిగ్గా పది అంకెలు వరుసగా వస్తే మొదటి ఆరూ నక్షత్రాలు కావాలి. ఫిల్టర్ అవుట్‌పుట్ స్ట్రీమ్‌ని ఎక్స్‌టెండ్ చేసి, ఒక్క బైట్ తీసుకునే రైట్‌ని ఓవర్‌రైడ్ చేస్తున్నాను. అర్రే తీసుకునే రైట్ ఎలాగూ డిఫాల్ట్‌గా ఒక్కో బైట్‌కీ దీన్నే పిలుస్తుంది. అందుకే మన క్లాస్ కింద బఫర్ తప్పకుండా పెట్టండి, లేకపోతే మళ్లీ పది లక్షల ప్రయాణాలే.

అంకె వస్తే పంపకుండా దగ్గర పెట్టుకుంటాను. అంకె కానిది వస్తే, దగ్గరున్నవి సరిగ్గా పదైతే మాస్క్ చేసి, కాకపోతే ఉన్నవి ఉన్నట్టే పంపి, తర్వాత ఆ బైట్ పంపుతాను. లాగ్‌లో తెలుగు పేర్లున్నా భయం లేదు. యూటీఎఫ్-8లో తెలుగు క్యారెక్టర్‌కి మూడు బైట్లు, ఆ మూడూ 128 లేదా అంతకంటే పైనే. అంకెలేమో 48 నుంచి 57. ఎప్పటికీ కలవవు. కానీ కొంతమంది 8192 బైట్ల ముక్క తీసుకుని దాన్ని స్ట్రింగ్‌గా మార్చి అందులో వెతుకుతారు, అది చెయ్యకండి. 8192ని మూడుతో భాగిస్తే రెండు మిగులుతుంది. అంతా తెలుగే ఉన్న ఫైల్‌లో 2730 క్యారెక్టర్లు బాగా వచ్చి, తర్వాతది రెండుగా తెగి ప్రశ్న గుర్తులా కనిపిస్తుంది. ఫోన్ నంబర్ కూడా అలాగే రెండు ముక్కల మధ్య తెగితే దొరకదు.

సరే, ఇప్పుడు అసలు ప్రశ్న. ఐదు అంకెలు నా దగ్గరున్నాయి, అప్పుడే ఎవరో ఫ్లష్ పిలిచారు. ఏం చెయ్యాలి? పంపేస్తే, మిగతా ఐదూ తర్వాత వస్తాయి, అవి కూడా ఐదే కాబట్టి పంపేస్తాను. నంబర్ మొత్తం బయటపడిపోయింది! అంటే ఫ్లష్‌లో నేను పట్టుకున్నది వదలకూడదు. క్లోజ్‌లో మాత్రమే, ఇంక ఏమీ రాదని తెలిశాక, తేల్చేసి పంపాలి. అదీ సూపర్ క్లోజ్ పిలవకముందు.

ఇలా చూస్తే మిగతా వాళ్ల ఇబ్బంది కూడా అర్థమవుతుంది. ఏఈఎస్‌ని బ్లాకులుగా వాడేటప్పుడు 16 బైట్లు నిండితే కానీ ఎన్‌క్రిప్ట్ చెయ్యలేదు, సైఫర్ స్ట్రీమ్ ఫ్లష్‌లో పది బైట్లు ఎలా ఇస్తుంది? బేస్64 మూడు బైట్లకి నాలుగు అక్షరాలు ఇస్తుంది, ఒక్కటో రెండో మిగిలితే చివర ఈక్వల్స్ గుర్తు పెట్టాలా వద్దా అన్నది క్లోజ్ దాకా దానికీ తెలియదు.

ఒక్కోసారి కింది స్ట్రీమ్ క్లోజ్ అవకూడదు, సాకెట్ లాంటిది అనుకోండి. అప్పుడు జీజిప్‌లో ఫినిష్ పిలవండి, అది గొట్టం దులుపుతుంది, కింది స్ట్రీమ్‌ని మూయదు. కుదించడం, ఎన్‌క్రిప్ట్ చెయ్యడం రెండూ కావాలంటే కుదించడమే ముందు జరగాలి, ఎన్‌క్రిప్ట్ అయిన డేటా కుదరదు. అంటే జీజిప్ పైన, సైఫర్ కింద.

నేను రాసిన మాస్కింగ్ క్లాస్‌లో ఒక బగ్ కావాలనే వదిలాను: కోటి అంకెలు వరుసగా వస్తే అన్నీ దగ్గర పెట్టుకుంటూనే ఉంటుంది. పదకొండో అంకె రాగానే ఏం చెయ్యాలో మీరు రాసి చూడండి. వచ్చే ఎపిసోడ్ దాంతోనే మొదలుపెడదాం. ఉంటానండీ.