చాకిరీ పెట్టని చేపలతొట్టె



చేపలతొట్టె కావాలని ముచ్చటపడేది పిల్లలు. కొని తెచ్చేది వాళ్ళ నాన్నగారు. పది రోజులయ్యాక దాన్ని కడిగే వంతు ఎవరిదో వేరే చెప్పనక్కరలేదు కదా! నీళ్ళు కుడితిలా అవుతాయి, వాసన వేస్తాయి. చేపల్ని గిన్నెలోకి తీసి, నీళ్ళన్నీ పారబోసి, గులకరాళ్ళు బియ్యం కడిగినట్టు కడిగి మళ్ళీ నింపేసరికి పూటంతా గడిచిపోతుంది. ఇంత చేసినా మర్నాటికి రెండు చేపలు పైకి తేలతాయి. పిల్లలు కంటతడి పెడతారు. మూడు నెలలు తిరిగేసరికి ఆ తొట్టె కాస్తా అటకెక్కుతుంది.

నిజానికి చేపలు చచ్చిపోతున్నది మన శుభ్రతలో లోటువల్ల కాదు. అతిగా శుభ్రం చేయడమే అసలు చిక్కు. ఎలాగంటారా? చేప విసర్జించే పదార్థంవల్లా, తినకుండా వదిలేసిన మేతవల్లా నీళ్ళలో అమ్మోనియా పుడుతుంది. చేపలకి అది విషం. ఇసుకమీదా, రాళ్ళమీదా, ఫిల్టరు స్పాంజిలోనూ కంటికి కనపడని సూక్ష్మజీవులు చేరి, ఆ అమ్మోనియాని మొదట నైట్రైటుగా, తరవాత నైట్రేటుగా మారుస్తాయి. నైట్రైటు కూడా ప్రమాదమే. నైట్రేటు కొద్దిగా ఉంటే చేపలకి హాని లేదు. పైగా మొక్కలకి అది ఎరువు. ఈ సూక్ష్మజీవులు నిలదొక్కుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మనం రాళ్ళన్నీ తోమి కడిగిన ప్రతిసారీ, పాలు తోడుకుంటూండగా గిన్నె కదిపేసినట్టే. కథ మళ్ళీ మొదటికి వస్తుంది.

తొట్టెలో మొక్కలుంటే ఈ పని సగం అవే చేసుకుంటాయి. అమ్మోనియాని నేరుగా పీల్చుకుంటాయి, వెలుతురులో ప్రాణవాయువునిస్తాయి. ఈ సంగతి తెలుసుకున్న తొలివారిలో ఒక స్త్రీ ఉన్నదంటే మనకి సంతోషమే కదా. ఆవిడ పేరు ఆనా థిన్. 1846లో ఆవిడ సముద్రతీరంనుంచి పగడపు జాతి జీవాల్ని లండనులోని తన ఇంటికి తెచ్చుకుంది. వాటికి గాలి అందడానికి, తెరిచిన కిటికీ ముందు నిలబడి ఆ నీళ్ళని ఒక పాత్రలోంచి ఇంకో పాత్రలోకి, మనం కాఫీ తిరగబోసినట్టు, అరగంటా ముప్పావుగంటా తిరగబోయవలసి వచ్చేది. ఆ పని చేసింది ఇంట్లో పనిపిల్ల! మరుసటి ఏడు ఆవిడ నాచు పట్టిన రాళ్ళు తెప్పించి, మొక్కా జీవమూ ఒకదాన్నొకటి పోషించుకుంటాయేమోనని పరీక్షించింది. 1849లో అదే నగరంలో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు మంచినీళ్ళలో రెండు బంగారుచేపల్నీ, వాలిస్నేరియా అనే మొక్కనీ ఉంచి గమనించాడు. రాలిన ఆకులు కుళ్ళి నీళ్ళు పాడవుతూంటే నత్తల్ని వేశాడు. అవి కుళ్ళిన ఆకుల్ని తినేసరికి నీళ్ళు తేటపడ్డాయి. ఆ వాలిస్నేరియా మన చెరువుల్లో, కాలవల్లో కూడా పెరిగేదే!

ఇక మన తొట్టె సంగతికి వద్దాం. మరీ చిన్న గాజు బుడ్డి కొనకండి. నీళ్ళు తక్కువైనకొద్దీ తొందరగా పాడవుతాయి. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్నది చాలు. నీళ్ళూ ఇసుకా గాజూ కలిసి 70 కిలోలదాకా బరువు తూగుతుంది కనుక గట్టి బల్లమీదే పెట్టాలి. కిటికీలోంచి ఎండ నేరుగా పడితే గాజంతా పాకుడు పడుతుంది. ఎండ తగలని చోట పెట్టి, మామూలు తెల్ల ఎల్.ఇ.డి. దీపం రోజుకి ఆరేడు గంటలు వెలిగిస్తే సరిపోతుంది. అడుగున బాగా కడిగిన ముతక ఇసుక రెండంగుళాలు పరవండి. మునిసిపాలిటీ నీళ్ళలో క్లోరిన్ ఉంటుంది కాబట్టి ఒక రోజంతా బకెట్లలో నిలవ ఉంచి పోయాలి. బోరు నీళ్ళు కాస్త ఉప్పగా ఉన్నా వాలిస్నేరియా బాగానే పెరుగుతుంది. తాగడానికి వడకట్టే ఆర్.ఓ. నీళ్ళలో లవణాలు దాదాపు ఉండవు కనుక అవి మాత్రమే పోయకండి.

మొక్కల్లో మన మాట వినేవి నాలుగున్నాయి. మొదటిది వాలిస్నేరియా. రిబ్బన్లలాంటి ఆకులు. వేళ్ళు మాత్రం ఇసుకలో గుచ్చి, ఆకులు మొదలయ్యే చోటు పైకి ఉంచాలి. కుదురుకుంటే తీగలు సాగి పిలకలు వేస్తుంది. రెండోది జావా ఫెర్న్. దీన్ని ఇసుకలో పాతితే కుళ్ళిపోతుంది. రాయికి గాని, చెక్కముక్కకి గాని దారంతో కట్టాలి. రణపాల ఆకుకి పిల్లమొక్కలు వచ్చినట్టే దీని ఆకులకీ వస్తాయి. మూడోది అనూబియాస్. పశ్చిమ ఆఫ్రికాది. దుంప పసుపుకొమ్ములా అడ్డంగా సాగుతుంది. దాన్ని కూడా పాతకూడదు, రాయికి కట్టవలసిందే. నెలకి ఒకటో రెండో ఆకులు వేస్తుంది, అంతే. నాలుగోది క్రిప్టోకొరైన్. శ్రీలంకనుంచి వచ్చిన రకం మన కొట్లలో దొరుకుతుంది. నాటిన వారానికి దీని ఆకులన్నీ కరిగిపోయినట్టయితే కంగారుపడి పారేయకండి. చోటు మారితే దానికది అలవాటు. వేరు బతికుంటే మళ్ళీ చిగురిస్తుంది. ఈ నాలుగింటికీ ప్రత్యేకమైన గ్యాసులూ, ఖరీదైన దీపాలూ అక్కర్లేదు.

మొక్కలు నాటాక రెండు మూడు వారాలు చేపలు వద్దు. పిల్లల్ని ఆపడమే ఇందులో కష్టమైన పని! కొత్త ఆకు ఏ రోజు వచ్చిందో క్యాలెండరుమీద రాయమనండి, వాళ్ళకీ కాలక్షేపం. తెలిసినవారి ఇంట్లో ఆరోగ్యంగా నడుస్తున్న తొట్టె ఉంటే, వాళ్ళ పాత స్పాంజిముక్క ఒకటి అడిగి తెచ్చి మీ ఫిల్టరులో పెట్టండి. పాలకి తోడు వేసినట్టే ఇదీను. తరవాత మూడు గప్పీలు వేసి, రెండు వారాలు చూసి ఇంకో మూడు. గప్పీలు గుడ్లు పెట్టవు, పిల్లల్నే కంటాయి. ఆడా మగా కలిపి తెస్తే నెలనెలా సంతానమే. రంగుతోకల మగవాటినే అడగండి. బంగారుచేప మాత్రం ఈ తొట్టెకి తగదు. అది బాగా పెద్దదవుతుంది, మొక్కల్ని పెకలిస్తుంది, తింటుంది.

మేత రోజుకి ఒక్కసారి, రెండు నిమిషాల్లో తినేటంత చిటికెడు. మేత వేసే బాధ్యత ఇంట్లో ఒక్కరికే అప్పగించండి. అమ్మ వేసి, బాబు వేసి, చూడవచ్చిన పిన్నిగారూ వేస్తే నీళ్ళు పాడవక ఏమవుతాయి? మొక్కలతోపాటు వచ్చిన చిన్న నత్తలు మరీ పెరిగిపోతున్నాయంటే మేత ఎక్కువవుతోందని అర్థం.

ఇక పని అంటారా, పదిరోజులకొకసారి పావువంతు నీళ్ళు తీసి, నిలవ ఉంచిన నీళ్ళు పోయడం, పండుటాకులు తుంచడం. పావుగంట పని. స్పాంజిని కుళాయికింద కడగకండి, క్లోరిన్‌కి సూక్ష్మజీవులు చస్తాయి. తీసిన తొట్టెనీళ్ళలోనే పిండండి. ఆ నీళ్ళు పూలకుండీలకి పోస్తే మంచి బలం. మన ఊళ్ళల్లో చలికి హీటరు అంతగా అవసరం రాదు. మనకి భయం ఎండాకాలమే. నీళ్ళు వేడెక్కినకొద్దీ వాటిలో ప్రాణవాయువు తగ్గుతుంది. మూత తీసి, పైన వలగుడ్డ కట్టి, నీటిమీదికి చిన్న ఫ్యాను గాలి తగిలేటట్టు పెడితే మంచినీళ్ళకుండలాగే చల్లబడుతుంది.

చివరగా ఒక్క మాట. మొక్కలు ఎక్కువైనా, చేపలు వద్దనుకున్నా చెరువులోనో కాలవలోనో పారేయవద్దు. ఈనాడు మన చెరువుల్ని కప్పేస్తున్న గుర్రపుడెక్క దక్షిణ అమెరికానుంచి అందం కోసం తెచ్చిన మొక్కే. అదనపు మొక్కల్ని ఇరుగుపొరుగుకి పంచండి, మిగిలినవి ఎండబెట్టి కుండీల్లో వేయండి. చేపల్ని కొట్టువాడికే తిరిగి ఇవ్వండి.

మనం తెచ్చుకున్న ప్రాణిని బతికించడం మన ధర్మం. దానికోసం ఇల్లాలి నడుం విరగనక్కరలేదు. తొట్టెలో మొక్కల పని మొక్కల్ని చేయనిచ్చి, ఆ పావుగంట పని పిల్లలకి నేర్పితే, మీరు కూడా ఒక కుర్చీ లాక్కుని తీరిగ్గా ఆ చేపల్ని చూడవచ్చు.